ముక్కాలి పీట లెక్క: పాత మోటార్‌హోమ్‌కు హైడ్రాలిక్ జాకీల డైరీ

బండి 2008 మోడల్ మినీబస్సు. ఛానెల్ ఛాసిస్ (గాడి ఆకారపు ఇనుప దూలాల చట్రం), వెనక జంట టైర్లు, 12 వోల్టుల కరెంటు. నేను కొనేటప్పటికే లోపల మంచం, వంటగట్టు, నీళ్ల ట్యాంకు బిగించి, ఆర్‌సీలో కూడా ఎక్కించి ఉన్నాయి. అనంతపురంలో నాది పంపుసెట్టు మోటార్లు చుట్టే షాపు. కరెంటు పని తెలుసు, ఆయిల్ ప్రెషర్ పని తెలియదు. ఆ పని నేర్పినవాడు బోరు బండ్లు బాగుచేసే రిగ్గు మేస్త్రీ. మన సీమలో హైడ్రాలిక్ జాకీలంటే, అంటే ఆయిల్ ప్రెషర్‌తో బండిని ఎత్తే కాళ్లంటే, తెలియని ఊరు లేదు. బోరు వేయడానికి వచ్చిన లారీ చేనులో నిలబడగానే మొదట చేసే పని కాళ్లు దించుకుని మట్టం కావడమే. నాకు కావలసిందీ అదే, చిన్న కొలతలో.

అవసరం అమ్మది. ఆమెకు 74 ఏళ్లు, తల తిరిగే జబ్బు ఉంది. మంచం ఏటవాలుగా ఉంటే తెల్లారేసరికి లేవలేదు. మా మంచం బండికి అడ్డంగా ఉంటుంది, పొడవు 1,850 మి.మీ. ఒక డిగ్రీ వాలు అంటే ఈ చివరకీ ఆ చివరకీ 32 మి.మీ. తేడా. అమ్మకు ఒక డిగ్రీ దాటితే తెలిసిపోతుంది. ఇంతకాలం టైర్ల కింద కడప బండలు పేర్చి సర్దుకున్నాం. గండికోటలో ఒక రాత్రి రెండు గంటలకు బండ ఫట్‌మని విరిగి, బండి ఒక పక్కకు దిగబడింది. ఆ రాత్రి అమ్మ మళ్లీ పడుకోలేదు.

ఎవరైనా ఈ పని చేయదలుచుకుంటే నేను తిన్న దెబ్బలు వాళ్లు తినకూడదని రాస్తున్నాను. కొలతలన్నీ నా బండివి, మీ బండికి మీరు మళ్లీ తీసుకోవాలి.

దశ 1: కాటా, టేపు (2024 ఆగస్టు)

మొదట బరువు. నీళ్ల ట్యాంకు నింపి, గ్యాసు, పరుపులు, సామాన్లు అన్నీ పెట్టి కాటా దగ్గరికి తీసుకుపోయాను. ఖాళీ బండి బరువు లెక్కకు పనికిరాదు.

1. ముందు చక్రాలు మాత్రమే కాటా మీద: 1,940 కిలోలు.
2. వెనక చక్రాలు మాత్రమే: 3,320 కిలోలు.
3. మొత్తం: 5,260 కిలోలు.
4. ఎడమ చక్రాలు మాత్రమే: 2,820. అంటే కుడి పక్క 2,440.

ఎడమ పక్క 380 కిలోలు ఎక్కువ. ట్యాంకు, ఇంటి బ్యాటరీలు రెండూ అటే ఉన్నాయి. ఈ ఎడమ పక్క తూకం వేయించకపోతే సిలిండర్ సైజు గుడ్డి లెక్క అయ్యేది.

సిలిండర్ లెక్క ఇది. లోపలి వ్యాసం 50 మి.మీ. అయితే పిస్టన్ వైశాల్యం 19.6 చదరపు సెం.మీ. ఒక బార్ ప్రెషర్ చదరపు సెంటీమీటరుకు 1.02 కిలోలు మోస్తుంది. 150 బార్ దగ్గర ఒక్కో కాలు 3,000 కిలోలు ఎత్తగలదు. నాకు బరువైన మూలలో కావలసింది 1,800 లోపే. పంపు, సీళ్లు, పైపులు సగం ప్రెషర్‌లో హాయిగా పనిచేస్తే పదేళ్లు వస్తాయని మేస్త్రీ మాట.

ఎత్తు లెక్క: ఛాసిస్ అడుగు నుంచి నేలకు ముందు 520 మి.మీ., వెనక 560. వెనక ఇరుసు గుండు (ఇరుసు మధ్యలో ఉబ్బిన భాగం) కింద ఖాళీ 185. జాకీ ముడుచుకున్నప్పుడు పాదంతో కలిపి 465 మి.మీ., సాగేది 300.

ఇంకొకటి. బండికి మార్పు చేసేముందు రవాణా శాఖ వాళ్లను అడగండి. మోటారు వాహనాల చట్టం 1988, సెక్షన్ 52 ఇలాంటి మార్పుల గురించే. నేను డ్రిల్లు పట్టకముందే కాగితం పెట్టుకున్నాను.

ఈ దశ ఖర్చు (కాటా మూడు సార్లు, రెండు రసమట్టాలు, 250 బార్ గేజీ): 2,150 రూపాయలు.
మొత్తం: 2,150

దశ 2: మొదటి బిగింపు (సెప్టెంబరు)

మొదట తీసుకున్నవి ఒకవైపు మాత్రమే ఆయిల్ తోసే సిలిండర్లు. కాలు దిగడానికి ఆయిల్, పైకి లాగడానికి పక్కన రెండు స్ప్రింగులు. పైపులు సగం, ఖర్చు తక్కువ. తర్వాత ఇదే నన్ను ముంచింది, ఆ సంగతి దశ 5లో.

బ్రాకెట్లు 10 మి.మీ. ప్లేటుతో లేత్ షాపులో కోయించాను. ఒక్కో బ్రాకెట్‌కు 12 మి.మీ. బోల్టులు ఎనిమిది, 10.9 గ్రేడు.

1. ఛాసిస్‌కు వెల్డింగ్ పెట్టొద్దు. వేడి తగిలిన చోట ఛానెల్ గుణం మారి, కొన్నేళ్లకు అక్కడే పగులు వస్తుంది.
2. ఛానెల్ పై రెక్కకు, కింది రెక్కకు రంధ్రం వేయొద్దు. నిలువు గోడకు మాత్రమే.
3. రంధ్రానికి రంధ్రానికి మధ్య కనీసం మూడు బోల్టు వ్యాసాలు వదలాలి.
4. రంధ్రం అంచుల గరుకు తీసి, ప్రైమర్ పూసి, ఆ తర్వాతే బోల్టు.
5. టార్క్ రెంచితో 120 న్యూటన్ మీటర్లు. 200 కి.మీ. నడిపాక మళ్లీ చూడాలి. నావి 32 బోల్టుల్లో రెండు ఇంకా తిరిగాయి.

తప్పు ఒకటి. వెనక కాళ్లను ఛాసిస్ అడుగుకు దగ్గరగా కిందికి బిగించాను. పాదం కింద ఖాళీ 170 మి.మీ. మిగిలింది, అంటే ఇరుసు గుండు కన్నా కిందికి. పైగా కాళ్లు వెనక చక్రాలకు 1.1 మీటరు వెనకాల ఉన్నాయి. మా వీధి మలుపులో స్పీడ్ బ్రేకర్ దిగగానే కుడి పాదం తారును గీకింది, గీత ఇప్పటికీ కనిపిస్తుంది. బ్రాకెట్ విప్పి 45 మి.మీ. పైకి జరిపాను. ఇప్పుడు 215. ముందు కాళ్లను ముందే పైకి పెట్టాను కాబట్టి అక్కడ 185 ఉంది, ముట్టుకోలేదు. పైకి జరిపితే కాలు నేల తాకాక ఎత్తడానికి 85 మి.మీ. మాత్రమే మిగులుతుంది. ఆ లోటు పాదం కింద చెక్కలతో పూడ్చాలి. చెక్కలు ఎలాగూ కావాలి.

తప్పు రెండు. హోస్ పైపులు రంపంతో కోసి, లోపల కడగకుండా బిగించాను. మొదటి రోజే ఒక వాల్వు ఇరుక్కుపోయింది. విప్పితే లోపల ఆవగింజంత రబ్బరు ముక్క, నాలుగు ఇనుప రజను రేణువులు.

"ఏమప్పా, మోటారు చుట్టేటప్పుడు వైరు మీద మట్టి చల్లి చుడతావా?" అన్నాడు మేస్త్రీ.

"లేదన్నా."

"మరి ఇదీ అంతే. ఆయిల్‌లో పడింది బయటికి పోదు, తిరిగి తిరిగి సీలునే కొరుకుతాది."

అన్ని పైపులు విప్పి, డీజిల్‌తో కడిగి, గాలి కొట్టి, రెండో రోజు మళ్లీ బిగించాం. ఆయిల్ 68 నంబరు పోశాం, మన ఎండలకు పలచనిది వద్దని.

ఖర్చు: సిలిండర్లు నాలుగు 30,000, పవర్ ప్యాక్ 24,000, వాల్వు బ్లాకు 9,500, పైపులు, ఫిట్టింగులు 8,400, ప్లేట్లు, కోత 6,800, కేబుల్ 3,600, బోల్టులు 2,300, ఆయిల్ 10 లీటర్లు 1,900. ఈ దశ 86,500.
మొత్తం: 88,650

దశ 3: మోటారు మూలుగు (సెప్టెంబరు చివర)

పవర్ ప్యాక్ అంటే మోటారు, పంపు, ఆయిల్ ట్యాంకు కలిసిన డబ్బా. వెనక డిక్కీలో చోటుందని అక్కడ పెట్టాను. బ్యాటరీ ముందుంది. 7 మీటర్ల కేబుల్ పోను, 7 మీటర్లు రాను, 16 చదరపు మి.మీ. సైజు. షాపులో మిగిలి ఉన్న కేబుల్‌కు కొంత కలిపి వేశాను.

కాలు నేల తాకేదాకా బాగానే తిరిగింది. బరువు పడగానే మోటారు మూలిగింది. క్లాంపు మీటర్ పెట్టి చూశాను:

కరెంటు 168 ఆంపియర్లు. బ్యాటరీ దగ్గర 11.6 వోల్టులు. మోటారు దగ్గర 9.0 వోల్టులు.

రెండున్నర వోల్టులు కేబుల్‌లోనే పోయాయి. లెక్క కూడా అదే చెబుతుంది: రాగి నిరోధం 0.0175ను 14 మీటర్లతో గుణించి 16తో భాగిస్తే 0.0153 ఓమ్, దాన్ని 168తో గుణిస్తే 2.57 వోల్టులు. రెండు నిమిషాల్లో కేబుల్ చేతికి వేడిగా తగిలింది. బోరు దగ్గర సన్న కేబుల్ వేసి మోటారు కాల్చుకుని వచ్చే రైతులకు నేను రోజూ చెప్పే మాట ఇదే. 12 వోల్టుల దగ్గర ఇది ఇంకా ముఖ్యం, ఎందుకంటే పోయే ప్రతి వోల్టూ పన్నెండింటిలో ఒకటి.

లావు కేబుల్ కొనడం ఒక దారి. ప్యాక్‌ను బ్యాటరీ పక్కకు తేవడం ఇంకో దారి. ఆయిల్ పైపు పొడవైతే నష్టం చాలా తక్కువ, కరెంటు కేబుల్ పొడవైతే నష్టం ఎక్కువ. అందుకే ప్యాక్‌ను జరిపాను.

1. ప్యాక్ ఇప్పుడు డ్రైవర్ సీటు వెనక పెట్టెలో, బ్యాటరీకి 1.4 మీటర్ల దూరంలో ఉంది.
2. కేబుల్ 35 చదరపు మి.మీ.
3. బ్యాటరీ నుంచి జానెడు దూరంలోనే 200 ఆంపియర్ల ఫ్యూజు. దాని పక్కనే చేత్తో తిప్పే ఐసోలేటర్ (కరెంటును పూర్తిగా ఆపేసే స్విచ్).
4. జాకీలు వాడేటప్పుడు ఇంజను ఆన్‌లో ఉండాలి.

మళ్లీ కొలత: 165 ఆంపియర్ల దగ్గర మోటారు, బ్యాటరీల మధ్య తేడా 0.3 వోల్టు. బరువు మీద వెనక ఎడమ కాలు 100 మి.మీ. సాగడానికి ముందు 7 సెకన్లు పట్టేది, ఇప్పుడు 3.

ఖర్చు 4,250.
మొత్తం: 92,900

దశ 4: తలుపు రాలేదు (అక్టోబరు)

ఈ దశను నిదానంగా చదవండి. ఈ డైరీ రాయడానికి అసలు కారణం ఇదే.

షెడ్డు ముందు నేల వెనక ఎడమ మూలకు పల్లం. ఆ ఒక్క కాలునే 40 మి.మీ. ఎత్తాను. రసమట్టంలో బుడగ మధ్యకు వచ్చింది. సంతోషంగా చూస్తున్నాను, లోపల నుంచి అమ్మ పిలిచింది.

"ఒరేయ్, తలుపు రాలేదు రా."

బయట నుంచి లాగాను, రాలేదు. భుజం పెట్టి తోశాను, రాలేదు. అమ్మ లోపల ఒక్కతే ఉంది. ఆమె గొంతులో భయం లేదు గానీ నా చేతులు వణికాయి. కాలు దించగానే తలుపు దానంతట అదే టక్కున ఊడి వచ్చింది. కొలిస్తే మామూలుగా తలుపు చుట్టూ 4 మి.మీ. సందు. కాలు ఎత్తినప్పుడు పైన సున్నా, కింద 9. వంటగట్టు పైనున్న అలమర అతుకు కూడా ఒకచోట విచ్చుకుంది.

జరిగింది ఇది. ఒక మూలను మాత్రమే ఎత్తితే ఛాసిస్ తడిగుడ్డ పిండినట్టు మెలితిరుగుతుంది. ఛానెల్ ఛాసిస్ రోడ్డు మీద కొంత మెలితిరగడానికే పుట్టింది. పైన కట్టిన ఇల్లు మాత్రం మెలితిరగదు, విరుగుతుంది.

సాయంత్రం మేస్త్రీ వచ్చాడు. ఏమీ మాట్లాడకుండా షెడ్డులో ఉన్న పాత ముక్కాలి పీటను గుంతల నేల మీద పెట్టి, దాని మీద కూర్చున్నాడు.

"ఊగుతాందా?"

"లేదన్నా."

"నాలుక్కాళ్ల కుర్చీ తెచ్చి ఈడనే వెయ్యి. ఊగుతాది. మూడు కాళ్లకు ఎట్లాంటి నేలైనా ఒకటే. నీ బండికి నాలుగు కాళ్లు ఉండనీ, ఆయిల్‌కు మాత్రం మూడే అని చెప్పు."

చేసిన మార్పు అదే. ముందు రెండు కాళ్లకూ వేరువేరు వాల్వులు తీసేసి, రెండింటినీ ఒకే పైపుతో కలిపాను. ఇప్పుడు ముందు కుడి, ఎడమ కాళ్లలో ఆయిల్ ఒకటే. ఒక పక్క నేల మెరకగా ఉంటే అటు కాలు కొంచెం ముడుచుకుని ఆయిల్‌ను రెండో కాలికి ఇస్తుంది. రెండింటి ప్రెషర్ ఎప్పుడూ సమానం, కాబట్టి ముందు భాగం బండిని మెలిపెట్టలేదు. పక్క వాలును సరిచేసేది వెనక రెండు కాళ్లే. ముందు జత ఒక కాలు, వెనక రెండు కాళ్లు, మొత్తం మూడు.

దీనికి ఒక ప్రమాదం ఉంది. ఆ కలిపే పైపు పగిలితే ముందు రెండు కాళ్లూ ఒక్కసారే కూలతాయి. అందుకే అక్కడ రబ్బరు హోస్ వేయలేదు. ముందు అడ్డ దూలం వెంబడి ఇనుప పైపు వేసి, క్లిప్పులతో బిగించాను. చివర్లలో మాత్రమే పొట్టి హోస్.

రెండో సంగతి బ్రాకెట్ వంగడం. కాలు ఛానెల్ గోడ నుంచి 95 మి.మీ. బయటికి ఉంది. బరువు పడితే తెరిచిన ఛానెల్ పక్కకు తిరుగుతుంది. డయల్ గేజీ పెట్టి చూస్తే బ్రాకెట్ కింది కొస 7 మి.మీ. బయటికి జరుగుతోంది. ఎడమ బ్రాకెట్‌నూ కుడి బ్రాకెట్‌నూ కలుపుతూ 75 × 75 × 5 మి.మీ. చదరపు గొట్టం అడ్డంగా బిగించాను, ముందొకటి, వెనకొకటి. ఇప్పుడు 1.5 మి.మీ.

మెలిక మళ్లీ కొలిచాను. అదే చోట, అదే పల్లం. తలుపు సందు పైన 3.5, కింద 4.5. అమ్మ లోపల నుంచి పదిసార్లు తలుపు తీసి వేసింది. నేను అడగలేదు, ఆమే చేసింది.

ఖర్చు 7,600.
మొత్తం: 1,00,500

దశ 5: నల్లరేగడి (అక్టోబరు చివర నుంచి డిసెంబరు)

కోవెలకుంట్ల దగ్గర మా మేనమామ చేను పక్కన మూడు రోజులు ఉన్నాం. మొదటి రోజు నేల గట్టిగా ఉంది. రెండో రాత్రి వాన.

పాదం 150 మి.మీ. చదరం, అంటే 225 చదరపు సెం.మీ. దాని మీద 1,400 కిలోలు పడితే చదరపు సెంటీమీటరుకు 6.2 కిలోలు. తడిసిన నల్లరేగడి ఒక కిలో కూడా సరిగా ఆపదు. తెల్లారి చూస్తే వెనక కాళ్లు జానెడు లోతు దిగాయి.

దిగడం ఒక బాధ, రావడం ఇంకో బాధ. వాల్వు తెరిచాను. బండి టైర్ల మీదికి దిగింది, కాళ్లు మాత్రం మట్టిలోనే ఉన్నాయి. స్ప్రింగులు రెండూ కలిసి లాగేది 76 కిలోలు. రేగడి పాదాన్ని పట్టుకుని వదల్లేదు. పార, నీళ్ల బకెట్, గునపం పట్టుకుని, బండి కింద తల పెట్టకుండా పక్క నుంచే తవ్వుతూ నాలుగు గంటలు పట్టింది. మామ దగ్గర నిలబడి చూసి, "అల్లుడూ, ఈ మన్ను ఎద్దు కాలినే ఇడవదు, నీ ఇనుప కాలిని ఇడుస్తుందా" అన్నాడు.

ఇంకో లోపం కూడా అప్పటికే తెలుసు. రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా బండి వెనక ఎడమ మూల 11 మి.మీ. కుంగుతోంది. పైపుల్లో కారడం లేదు. వాల్వు లోపలి కడ్డీకీ గోడకీ మధ్య వెంట్రుకంత సందులోంచి ఆయిల్ మెల్లగా ట్యాంకుకు పోతోంది. ఆ రకం వాల్వు గుణమే అది, కదపడానికి బాగుంటుంది, పట్టి ఉంచడానికి పనికిరాదు.

రెండింటికీ కలిపి మార్పు:

1. రెండు వైపులా ఆయిల్ పనిచేసే సిలిండర్లు. అదే 50 మి.మీ. వ్యాసం, 35 మి.మీ. రాడ్. పైకి లాగే వైపు వైశాల్యం 10 చదరపు సెం.మీ. 100 బార్ దగ్గర వెయ్యి కిలోల పైచిలుకు లాగుతుంది.
2. వెనక రెండు కాళ్లకు ఒక్కో లాక్ వాల్వు, సిలిండర్ మీదనే. ముందు జతకు ఒకటి. బటన్ నొక్కితే తప్ప ఆయిల్ వెనక్కి పోదు.
3. మూడు గదుల వాల్వు బ్లాకు: ముందు, వెనక ఎడమ, వెనక కుడి.
4. పాత స్ప్రింగులు పారేయలేదు.

నాలుగో అంశం మేస్త్రీ చెప్పింది. నేను పైకి లాగే వైపు కూడా లాక్ వాల్వు పెడదామన్నాను, రోడ్డు మీద కాలు జారకుండా. వద్దన్నాడు. కాలు పూర్తిగా ముడుచుకుని ఉండగా రెండు వైపులా ఆయిల్‌ను బంధిస్తే, ఎండలో ఆయిల్ ఉబ్బడానికి చోటుండదు, ప్రెషర్ విపరీతంగా పెరిగి సీలు పోతుంది. మే నెల ఎండలో బండి నిలిపే ఊరు మాది. అందుకని పైకి లాగే వైపు ఆయిల్ ట్యాంకుకు తెరిచే ఉంటుంది, ప్రయాణంలో కాలును స్ప్రింగులు పట్టుకుంటాయి.

పాదాల కింద 450 మి.మీ. చదరపు తుమ్మ చెక్కలు, 50 మి.మీ. మందం, ఒకదాని మీద ఒకటి అడ్డంగా. అదే 1,400 కిలోలకు ఇప్పుడు చదరపు సెంటీమీటరుకు 0.7 కిలో.

ఖర్చు: సిలిండర్లు 42,000, పాతవి ఇచ్చినందుకు 14,000 తగ్గింపు, నికరం 28,000, వాల్వు బ్లాకు 11,000, లాక్ వాల్వులు మూడు 10,200, పైపులు 6,200. మొత్తం 55,400.
మొత్తం: 1,55,900

స్ప్రింగు సిలిండర్లలో 16,000, మొదటి వాల్వు బ్లాకులో 9,500, సన్న కేబుల్‌లో 3,600, అంటే 29,100 రూపాయలు నేను నేరుగా పోగొట్టుకున్నవి. మీరు మొదటే దశ 5 సామాన్లు కొనండి.

దశ 6: గండికోటలో నాలుగు అంగుళాలు (2025 జనవరి)

పెన్నా లోయ అంచుకు దూరంగానే, ముందుకు కొంచెం వాలుగా ఉన్న రాతి నేల. హ్యాండ్ బ్రేక్ వేశాను, టైర్లకు అడ్డుచెక్కలు పెట్టలేదు. వెనక రెండు కాళ్లు మొదట దించాను.

వెనక టైర్లు నేల వదిలే స్థితికి రాగానే బండి ముందుకు జరిగింది. నాలుగు అంగుళాలు. తుమ్మ చెక్కలు రాతి మీద కీచుమన్నాయి, వెనక కుడి కాలు వెనక్కి వాలింది. ఆ క్షణం బటన్ వదిలేసి నిలబడిపోయాను. నా బండి హ్యాండ్ బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే. ఆ చక్రాలు గాలిలో ఉంటే హ్యాండ్ బ్రేక్ ఉన్నా లేనట్టే. అమ్మ కింద చాప మీద కూర్చుని ఉంది, బండికి పక్కన. ముందు కాదు. దేవుడి దయ అని రాయడం తప్ప వేరే మాట లేదు.

రాడ్ విప్పి లేత్ మీద తిప్పి చూస్తే 4 మి.మీ. వంపు. సరిచేయించలేదు, కొత్త రాడ్, కొత్త సీళ్లు వేయించాను. వంగిన రాడ్‌ను తిన్నగా చేస్తే క్రోమ్ పొర పగిలి సీలును కోస్తుంది.

అప్పటి నుంచి మా వరస ఇది. కాగితం మీద రాసి స్టీరింగ్ పక్కన అంటించాను:

1. ఇంజను ఆన్‌లో ఉంటుంది కాబట్టి గేరు న్యూట్రల్‌లో పెట్టు. హ్యాండ్ బ్రేక్. నాలుగు మూలల టైర్లకూ రెండు వైపులా అడ్డుచెక్కలు.
2. అందరూ బండి దిగాలి, ముందూ వెనకా ఎవరూ ఉండకూడదు.
3. ముందు జత మొదట.
4. తర్వాత వెనక పల్లం వైపు కాలు, తర్వాత రెండోది.
5. వెనక టైర్లు ఎప్పుడూ నేల వదలకూడదు. వదిలితేగానీ మట్టం కాకపోతే ఆ చోటు మనది కాదు, వేరే చోటు చూసుకోవాలి.
6. టైరు మార్చడానికైనా, గ్రీజు పెట్టడానికైనా ఈ కాళ్ల మీద నిలబెట్టి బండి కిందికి దూరొద్దు.
7. లేచేటప్పుడు వెనక కాళ్లు మొదట, ముందు జత చివర, అడ్డుచెక్కలు అన్నిటికన్నా చివర.

ప్రతి కాలికీ ఒక లిమిట్ స్విచ్ పెట్టాను. ఏ ఒక్కటి పూర్తిగా ముడుచుకోకపోయినా తాళం తిప్పగానే బజర్ మోగుతుంది. రిలీఫ్ వాల్వు (ప్రెషర్ మితిమీరితే ఆయిల్‌ను ట్యాంకుకు వదిలేది) 160 బార్ దగ్గర పెట్టి, ఎవరూ తిప్పకుండా సీలు వేయించాను. వెనక ఎడమ కాలు ఎక్కువలో ఎక్కువ చూపించింది 84 బార్, అంటే 1,680 కిలోలు. మిగతా బరువు టైరు మీదే ఉంది, ఉండాలి కూడా.

ఖర్చు (రాడ్, సీళ్లు, తుమ్మ చెక్కలు, అడ్డుచెక్కలు, స్విచ్‌లు, బజర్): 8,300.
మొత్తం: 1,64,200

దశ 7: ఎండకు ఉబ్బే ఆయిల్ (ఏప్రిల్)

లాక్ వాల్వుల తర్వాత చలికాలంలో రాత్రి దిగుడు ఒక మి.మీ. లోపే. ఏప్రిల్‌లో మళ్లీ మొదలైంది. సాయంత్రం ఐదుకు మట్టం చేస్తే, తెల్లవారుజామున బండి వెనక భాగం 2 నుంచి 2.5 మి.మీ. కుంగి ఉంటోంది. వాల్వు పోయిందనుకుని మూడు రాత్రులు గంట గంటకూ లేచి కొలిచాను. ఒక లాక్ వాల్వు విప్పి చూశాను, శుభ్రంగా ఉంది.

నాలుగో రోజు విప్పకుండా వదిలేసి మధ్యాహ్నం కూడా కొలిచాను. బండి దానంతట అదే మళ్లీ పైకి లేచింది. కారిన ఆయిల్ తిరిగి రాదు కదా. అప్పుడు సిలిండర్‌కు థర్మామీటర్ కట్టాను. సాయంత్రం 41 డిగ్రీలు, తెల్లవారుజామున 27. హైడ్రాలిక్ ఆయిల్ డిగ్రీకి సుమారు పదివేలలో ఏడు వంతులు ఉబ్బుతుంది. సిలిండర్‌లో 250 మి.మీ. ఆయిల్ స్తంభం ఉంటే, 14 డిగ్రీల తేడాకు 2.45 మి.మీ. నా కొలత అదే. లోపం ఏమీ లేదు, ఆయిల్ చల్లబడి కుంచించుకుపోతోంది.

అన్ని కాళ్లూ దాదాపు ఒకేలా సాగి ఉంటే ఒకేలా కుంగుతాయి, మట్టం పోదు. ఒకటి బాగా సాగి, ఇంకోటి ముడుచుకుని ఉంటే తేడా వస్తుంది. కాబట్టి పల్లం వైపు చెక్కలు ఎక్కువ పేర్చి, కాళ్ల సాగుడు దగ్గర దగ్గరగా ఉండేలా చూస్తున్నాను. వేసవిలో చివరి సర్దుబాటు రాత్రి భోజనం అయ్యాక.

యాగంటి, మే

రెండు రాత్రులు. నేల వాలు వెనక కుడికి. చెక్కలు పేర్చడం, కాళ్లు దించడం కలిపి 9 నిమిషాలు, అందులో పంపు తిరిగింది రెండు నిమిషాల లోపు. ట్యూబులో నీళ్ల మట్టంతో మంచం రెండు చివరలూ చూస్తే 3 మి.మీ. తేడా. అమ్మకు రసమట్టం మీద నమ్మకం లేదు. తలగడ పక్క చెక్క మీద ఇత్తడి చెంబు అంచుదాకా నీళ్లతో పెట్టి, నీళ్లు ఏ వైపు అంచును ముట్టుకున్నాయో వేలితో తడిమి చూసింది. "ఇటు రవ్వంత" అంది. ఆమె దిగాక వెనక కుడి బటన్ ఒక్క క్షణం నొక్కాను. ఎక్కి మళ్లీ తడిమింది, దీపం ఆర్పమంది.

ఉదయం ఆరుకు తానే లేచి, నా కన్నా ముందు కోనేరుకు పోయింది.

మిగిలిన పని: వెనక కుడి లాక్ వాల్వు ఫిట్టింగ్ దగ్గర ఆయిల్ చెమ్మ కనిపిస్తోంది, ఓ-రింగు (O ఆకారపు రబ్బరు సీలు) మార్చాలి. బ్రాకెట్ బోల్టులు 2,000 కి.మీ. దగ్గర మళ్లీ టార్క్ చూడాలి. ఆయిల్, ఫిల్టర్ ఏడాదికి ఒకసారి, వచ్చేది సెప్టెంబరులో.